కలెక్టర్‌నవుతా: ఫిర్దోస్

జూలై 13, ఆదివారం

పేపర్ వాళ్ళకు కొత్త రోగం పట్టింది. ఆదివారం జిల్లా పేజీలో ‘ఆనాటి మాట’ అని ఒక మూల మొదలుపెట్టారు. ఎప్పుడో తామే పెద్దక్షరాలతో అచ్చేసిన వార్తను బయటికి తీసి, తర్వాత దాని గతి ఏమైందో హాస్యంగా రాయడం. రాసేది వరప్రసాదం. పదిహేనేళ్ళ కిందట మా ఇంటికొచ్చి, మా మైసూర్‌పాకు తిని, నా గురించి నాలుగు కాలమ్‌లు రాసి వెళ్ళిన ఉదయగిరి విలేకరి.

ఈ వారం కొండ మీదికి రోప్‌వే సంగతి. ‘ఏడాదిలో ఉదయగిరి కొండకు తాళ్ల బండి’ అని అప్పట్లో వేశారట. ఆ దెబ్బకు కొండ కింద స్థలాలు కొన్నవాళ్ళున్నారు. కట్టని హోటల్‌కు బోర్డు రాయించి ఇంట్లో పెట్టుకున్నాయన ఉన్నాడు. చివరికి వచ్చింది ఒక ఇనుప స్తంభం. దానికిప్పుడు ఎవరో మేకను కట్టేస్తున్నారు.

బస్టాండు దగ్గర మా గరిటెల కొట్లో కూర్చుని అబ్బాకు నేనే చదివి వినిపించాను. అబ్బాకు ఉర్దూ బాగా వచ్చు, తెలుగులో బస్సు బోర్డులు దాటి రాదు. కర్ర చెంచాకు ఆకురాయి పట్టిస్తూ విన్నాడు. మేక దగ్గరికొచ్చేసరికి పని ఆపి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

“మేకకైనా పనికొచ్చింది లే. మళ్ళీ చదువు బేటీ.”

మళ్ళీ చదివాను. చదువుతున్నంతసేపు తలెత్తలేదు. తలెత్తితే అబ్బా వెనక గోడ మీద, వేలాడే గరిటెల మధ్యన, నేను కనిపిస్తాను. రెండు జడలు. అమ్మీ నోట్లో పెడుతున్న మైసూర్‌పాకు. పైన ఎర్రక్షరాలు: ‘కలెక్టర్‌నవుతా: ఫిర్దోస్’.

నా వంతు ఏ వారమో.

జూలై 15, మంగళవారం

పొద్దున బస్సు నిండా జనం. కండక్టర్ ఎప్పటిలాగే, “కలెక్టరమ్మ వస్తా ఉండాది, జరగండయ్యా,” అన్నాడు. ఎగతాళిగా అంటే నాలుగు దులపొచ్చు. మర్యాదగా అంటాడు. చచ్చినట్టు ఇచ్చిన సీట్లో కూర్చున్నాను.

సంచిలో పాలిటీ, ఎకానమీ, పాత ప్రశ్నపత్రాలు. ఇంట్లో అడిగితే ఆత్మకూరులో స్టడీ హాలుకు పోతున్నాను, అన్నం అక్కడే పెడతారు. దిగేది మల్లికార్జునం గారి హోల్‌సేల్ కిరాణా కొట్టు దగ్గర. సంచిని చింతపండు బుట్టల వెనక దాచి కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కందిపప్పు, మినపగుళ్ళు, ఎండుమిరప, బిల్లు. కందిపప్పు, మినపగుళ్ళు, ఎండుమిరప, బిల్లు. చేరిన రోజే గల్లా దగ్గర సుబ్బరత్నమ్మ గారికి చెప్పాను, గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చేదాకానే అని. “అట్నే కానీ లేమ్మా,” అంది. ఏడాది దాటింది. ఆ మధ్యలో నోటిఫికేషన్ వచ్చింది కూడా. ఫీజు కట్టాను. పరీక్ష రోజు బస్సెక్కి, కొట్టుకొచ్చి బిల్లులు కొట్టాను.

అబ్బాకు చెప్పడం లేదు. చెబితే ఆయన తట్టుకోలేడు. ఆయన కోసమే చెప్పడం లేదు.

జూలై 18, శుక్రవారం

వరప్రసాదం రాసేలోపు నేనే రాసుకుంటే నొప్పి తగ్గుతుందేమో.

పదో తరగతిలో మండలం ఫస్ట్ వచ్చాను. మర్నాడు ఆయన ఫోటో మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. అబ్బా సోడాలు తేవడానికి పరుగెత్తాడు. అమ్మీని నా నోట్లో స్వీటు పెడుతున్నట్టు నిలబడమన్నారు. వెలుతురు సరిగా లేదని ఇంకోసారి, అమ్మీ కళ్ళు మూసిందని ఇంకోసారి. ప్రతిసారీ కొత్త ముక్క. అప్పుడు అడిగాడు, “ఏమవుతావమ్మా?” అని. నోటి నిండా మైసూర్‌పాకు. “ఏమో సార్,” అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ముందురోజు దాకా లెక్కల్లో పాసైతే చాలనుకున్నదాన్ని.

తెల్లారి చూస్తే కలెక్టర్.

ఇది తప్పు అబ్బా, నేను ఆ మాట అనలేదు అని చెబుదామని కొట్టు దగ్గరికి పోయాను. అప్పటికే లామినేషన్ చేసి గోడకు మేకు కొట్టేశారు. కింద నలుగురు నిలబడి మెడలెత్తి చూస్తున్నారు. అబ్బా నా వంక చూసి, “ఏం బేటీ?” అన్నాడు. ఆ ముఖం చూశాక మాట మార్చేశాను. “పుస్తకాలు కావాలి అబ్బా,” అన్నాను.

ఆ తర్వాత జరిగినవి:

కరెంటు పోతే మా వీధివాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. సీతారామపురం నుంచి గరిటెలు కొనను వచ్చిన ముసలామె పింఛను కాగితం నా చేతిలో పెట్టి, “కుర్చీలో కూర్చోంగానే ఇది చూడు తల్లీ,” అంది. ఆమె పోయింది. నాకింకా కుర్చీ రాలేదు. పెళ్ళి సంబంధాల వాళ్ళు కొట్టు దాకా వచ్చి, గోడ చూసి, “కలెక్టరయ్యే పిల్లకు మా డ్రైవర్ పిల్లోడు ఏం సరిపోతాడు భాయ్,” అని టీ తాగి వెళ్ళిపోయారు. తమ్ముడు అన్సార్‌ను బడిలో ‘కలెక్టర్ తమ్ముడు’ అని ఏడిపించి ఏడిపించి చదువు మీదే విసుగు పుట్టించారు. ఇప్పుడు చెన్నైకి లారీ తోలుతున్నాడు. ఫోన్ చేస్తే అమ్మీతో మాట్లాడి పెట్టేస్తాడు.

నొప్పి ఏమీ తగ్గలేదు.

జూలై 20, ఆదివారం

నాది కాదు. కొండాపురం చిరుత.

‘చిరుతను కళ్ళారా చూసిన రైతు’ అని గోపాలయ్య అనే ఆయన ఫోటో వేశారట అప్పట్లో. వారం రోజులు ఎవరూ చేలకు పోలేదు. పెళ్ళివారు సగం దారిలో వెనక్కి తిరిగిపోయారు. బోను తెచ్చి అందులో మేకపిల్లను కట్టేస్తే, మేకపిల్లను మనుషులే ఎత్తుకుపోయారు. చివరికి అది మచ్చల కుక్క అని తేలిందట. గోపాలయ్య మాత్రం చిరుత గోపాలయ్యగా మిగిలాడు. కూతురి పెళ్ళి శుభలేఖల్లో పేరు పక్కన ‘చిరుత’ అని వేయించుకోవాల్సొచ్చిందని, లేకుంటే ఎవరో ఎవరికీ తెలియదని వరప్రసాదం రాశాడు.

అబ్బా ఇది మూడుసార్లు చదివించుకున్నాడు. నేను కూడా నవ్వాను. ఆ మనిషి ప్రతి నెలా మల్లికార్జునం గారి కొట్టుకొచ్చి సరుకు తీసుకుపోతాడని తెలిసి కూడా నవ్వాను.

జూలై 22, మంగళవారం

గోపాలయ్య గారు వచ్చాడు. సరుకులు ఎత్తే వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ఒకడు కుక్క మొరిగినట్టు మొరిగాడు. ఆయన తిరిగి చూడలేదు. నా దగ్గరికొచ్చి చీటీ ఇచ్చాడు.

“గోపాలయ్య గారూ, శనగపప్పు పాతదా, కొత్తదా?” అని అడిగాను. పేరు పెట్టి పిలిచినందుకేమో, నిలబడిపోయాడు.

“నేను చిరుత అనలేదమ్మా,” అన్నాడు. “ఏందో మచ్చలు మచ్చలుగా ఉండాది అన్న్యా. అంతే. మిగతాది ఆ విలేకరే రాసుకున్న్యాడు.”

“మరి అప్పుడే చెప్పలేకపోయారా?”

“ఎవురికి చెప్పేది. నా పెండ్లామే నమ్మలా. పేపర్లో పడినాక నేను చెప్తే ఎవురు వింటారు.” సంచి దులిపి, “ఇప్పుడేమో కుక్క అని రాసినాడు. అది కుక్క అని మాత్రం వాడికెవురు చెప్పినారు?” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. శనగపప్పు బిల్లు తప్పు కొట్టి మళ్ళీ కొట్టాను.

జూలై 24, గురువారం

వాడు వచ్చాడు.

వరప్రసాదం. ప్రకటన అడగడానికి మల్లికార్జునం గారి దగ్గరికొచ్చాడు. జుట్టంతా నెరిసింది. కంప్యూటర్ వెనక్కి దాక్కుందామనుకున్నాను. దాక్కోవడానికి నేనేం చింతపండు బుట్టనా.

“నువ్వు పీర్ మహమ్మద్ కూతురు గదమ్మా. చెంచాల పీర్ మహమ్మద్. ఇక్కడ ఉండావేంది?”

“తాత్కాలికం సార్.”

ఆయన నవ్వలేదు. అది ఇంకా బాధ. స్టూలు లాక్కుని కూర్చుని, ఫోన్ చూసుకుంటూ మాట్లాడాడు. “ఆ ఏడు మండలానికి ఒక కలెక్టర్‌ను తయారు చేసినాంలే. హెడ్డింగు కట్టి పెట్టుకోనుండేవాళ్ళం. పేరు మార్చేది, పంపేది. కొండాపురంలో సుజన అని ఒక పిల్ల, గుర్తుండాదా? డాక్టర్‌నవుతా అని ఒకటే ఏడుపు. దాన్ని కూడా కలెక్టర్నే చేసినాం. ఇప్పుడు బెంగళూరులో డాక్టరు.”

అంటే ఆయన రాసింది అబద్ధమని ఆ పిల్ల పట్టించుకోలేదు. తన పని తాను చూసుకుంది. నేను మాత్రం ఆయన వాక్యాన్ని పట్టుకుని పదిహేనేళ్ళు కూర్చున్నాను.

“నా గురించి రాయొద్దు సార్,” అన్నాను. “మా అబ్బాకు తెలియదు. ప్రతి ఆదివారం మీది నాచేతే చదివించుకుంటాడు. దండం పెడతాను.”

“ఛ, నీ గురించి ఎందుకు రాస్తానమ్మా. ఆడపిల్లవి.”

సుబ్బరత్నమ్మ గారు ఆయనకు టీ తెప్పించింది. తాగి వెళ్ళాడు.

జూలై 27, ఆదివారం

నాది కాదు. సీతారామపురానికి రోజూ పది బస్సులని వేసిన వార్త. ఫోటో దిగడానికి ఒక బస్సు వచ్చింది, తర్వాత అదీ రాలేదు. బస్సు షెల్టర్లో వాళ్ళు పొగాకు ఆరబెట్టుకుంటున్నారు.

బతికిపోయాను. ఆయన మాట నిలబెట్టుకునేలా ఉన్నాడు.

జూలై 30, బుధవారం

ఏమీ లేదు. కందిపప్పు, మినపగుళ్ళు, ఎండుమిరప.

చదవాలి. రేపటి నుంచి పొద్దున ఒక గంట.

ఆగస్టు 3, ఆదివారం

వరసగా రాస్తాను.

పక్కన రామనారాయణ టీ కొట్లో పేపరు తీసుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి, ఈరోజు పేపరు నా చేతిలో పెట్టి గ్లాసులు కడగడానికి అటు తిరిగిపోయాడు. నిలబడే తెరిచాను.

‘కిరాణా కొట్టులో కలెక్టరమ్మ’.

రెండు ఫోటోలు పక్కపక్కన. మైసూర్‌పాకు ఫోటో ఒకటి. రెండోది కంప్యూటర్ ముందు నోరు తెరిచి ఏదో చెబుతున్న నేను. ఆ రోజు వాడు ఫోన్ చూసుకోవడం లేదు, నన్ను ఫోటో తీస్తున్నాడు. జిల్లాకు దక్కని కలెక్టరమ్మ ఆత్మకూరులో కందిపప్పు పాలన సాగిస్తోందని, మినపగుళ్ళ మీద ఉత్తర్వులు జారీ చేస్తోందని రాశాడు. బాగా రాశాడు. ఇంకెవరి గురించైనా అయితే అబ్బా పని ఆపి నవ్వేంత బాగా రాశాడు.

“ఏం బేటీ, ఈ వారం ఏముండాది?” అన్నాడు అబ్బా. ఆకురాయి ఆపలేదు.

పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, చదవడం మొదలుపెట్టాను. కొండ కింద మేకను కట్టేసిన స్తంభం గుర్తుందా, ఆ మేక రెండు పిల్లల్ని ఈనింది, దానితో రోప్‌వే పనులు పునఃప్రారంభమైనట్టు భావిస్తున్నారు, త్వరలో రెండో స్తంభం... నోటికొచ్చినట్టు చదివాను. గొంతు ఎక్కడా తొణకలేదు. నాకున్న తెలివి ఇదొక్కటేనేమో.

అబ్బా నవ్వాడు. అంత గట్టిగా కాదు.

“బాగుండాది,” అన్నాడు. “ఈసారి ఎవుర్నీ బాధపెట్టకుండా రాసినాడు.”

మళ్ళీ చదవమనలేదు. నేను పేపరు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 4, సోమవారం

ఆత్మకూరుకు పోలేదు. జ్వరమని చెప్పాను. అమ్మీ నుదురు పట్టి చూసి, జ్వరం లేదని తెలిసి కూడా గంజి పెట్టింది.

చచ్చిపోవాలని లేదు. రేపు లేవాలని కూడా లేదు.

ఆగస్టు 5, మంగళవారం

మధ్యాహ్నం అమ్మీతో కలిసి అబ్బాకు అన్నం తీసుకుని కొట్టుకు పోయాను. రెండు రోజులుగా ఆ గోడ చూడలేదు. చూశాను.

పాత దాని పక్కన ఇంకొకటి. కొత్తగా లామినేషన్ చేసింది, మెరుస్తోంది. ‘కిరాణా కొట్టులో కలెక్టరమ్మ’.

ముందు అనిపించింది, చదవడం రాక పెట్టాడు అని. నా ఫోటో ఉంది, అంతే చాలని పెట్టాడు. ఎవరో ఒకరు నవ్వేదాకా తెలియదు ఆయనకు.

“అబ్బా, అందులో ఏం రాసి ఉందో తెలుసా?”

“తెలుసు. ఆదివారం పొద్దున్నే రామనారాయణ చదివి చెప్పినాడు. నువ్వొచ్చే ముందే.”

మరి నేను మేకపిల్లల గురించి చదువుతుంటే విన్నాడు. విని, బాగుందన్నాడు.

“తీసెయ్ అబ్బా. నీకు దండం పెడతా.”

“ఎందుకు తీసేది?” ఆకురాయి పక్కన పెట్టాడు. “మల్లికార్జునం శెట్టి కొట్టు మంచి కొట్టే. ముందే చెప్పుంటే అన్నం కట్టిచ్చి పంపుదుం గదా. సంవత్సరం నుంచి పస్తు చేస్తా ఉండావు.” తర్వాత గోడ వైపు చూపించి, “ఇది ఒక్కటే ఉన్నప్పుడు అబద్ధం గదమ్మా. పక్కన ఇదుంటే సరిపోతాది,” అన్నాడు.

“ఏది అబద్ధం?”

“కలెక్టర్ మాట. నువ్వు అనలేదు గదా. ఏమో సార్ అన్న్యావు. సోడాలు పట్టుకోని నేను వాకిట్లోనే నిలబడుకోని ఉండా.”

గోడ దగ్గరికి పోయి ఎర్రక్షరాలు మళ్ళీ చూశాను.

“తెలిసి మరి ఎందుకు పెట్టావు గోడకు?”

“నువ్వు పెట్టమన్న్యావని.”

“నేనెప్పుడు పెట్టమన్నాను? నేను వచ్చేసరికే మేకు కొట్టేసి ఉంది. అది చూసే కదా పుస్తకాలు అడిగింది.”

“నువ్వు పుస్తకాలు అడిగితివి కాబట్టే గదా నేను తియ్యలా. రాత్రికి రాత్రి మనసు మార్చుకున్న్యావు, పిల్ల గట్టిగా పట్టుకునింది అనుకున్న్యా. నువ్వు పరీక్ష తప్పినప్పుడల్లా తీసేద్దామా అనుకునేది. తీస్తే నీకు కాదని నేనే అన్నట్టు ఉంటాదని ఊరుకునేది.”

“లామినేషన్ చేయించింది నువ్వే కదా అబ్బా?”

“నేనా? అది మీ అమ్మీ తెచ్చి నా చేతిలో పెట్టింది. నువ్వే చేయించినావేమో అనుకున్న్యా.”

ఇద్దరం అమ్మీ వైపు చూశాం. అమ్మీ అన్నం గిన్నె మూత తీస్తోంది.

“నేను రేషన్ కార్డుకు చేయిద్దామని పోయినా,” అంది. “కార్డు ముక్కలైపోతా ఉండాదని. చేతిలో ఈ పేపరు ముక్క కూడా ఉండాది. ఇది కూడానా అని అడిగినాడు ఆ పిల్లోడు. సరే కానీ అన్న్యా.”

అమ్మీ అబ్బాకు పప్పు వడ్డించింది. “ఏం, చేయించకూడదా?” అని నా వైపు చూసింది. ఆమె తప్పేమీ లేదు. ఎవరి తప్పూ లేదు. అందుకే ఎవరి మీదా అరవలేకపోయాను.

నేను అబ్బా కోసం చదివాను. అబ్బా నా కోసం గోడ మీద ఉంచాడు. అన్సార్ చదువు, డ్రైవర్ పిల్లోడు, ముసలామె పింఛను కాగితం, నా ఇరవై ఏళ్ళ వయసు, ముప్ఫై ఏళ్ళ వయసు. ఆ రోజు మా రేషన్ కార్డు గట్టిగా ఉండుంటే ఇదేదీ లేదు.

నవ్వొచ్చింది. అబ్బా కూడా నవ్వబోయాడు కానీ నా ముఖం చూసి ఆగిపోయాడు. అప్పుడు తెలిసింది నేను నవ్వడం లేదని.

ఆగస్టు 6, బుధవారం

పొద్దున అమ్మీ క్యారియర్ కట్టింది. సంచిలో పుస్తకాలు తీసేసి క్యారియర్ పెట్టింది. పుస్తకాలు ఎక్కడ పెట్టిందో అడగలేదు.

బస్సు కోసం నిలబడి ఉంటే మా కొట్లో ఎవరో బయటి ఊరి దంపతులు చెంచాలు బేరమాడుతున్నారు. ఆమె గోడ చూసి, “ఈ అమ్మాయి కలెక్టర్ కాలేదా పాపం?” అంది.

“ఆమె ఎప్పుడూ అవుతానని అనలా అమ్మా,” అన్నాడు అబ్బా. “అడిగితే ఏమో అనింది.”

“మరి ఏమవ్వాలనుకునింది?”

అబ్బా నా వైపు చూశాడు. నిజంగానే తెలుసుకోవాలని చూశాడు. పదిహేనేళ్ళలో ఆ ప్రశ్న మళ్ళీ నన్ను అడిగినవాళ్ళు లేరు. జవాబు వెతికాను. గరిటెలు చెక్కడం కాదు. పెళ్ళి కాదు. టీచరు కాదు, నర్సు కాదు. ఏదో ఒకటి ఉండాలి కదా మనిషికి. ఎంత తవ్వినా వాడు రాసిన మాట తప్ప ఇంకేమీ తగల్లేదు.

బస్సొచ్చింది. కండక్టర్ ఈరోజు కలెక్టరమ్మ అనలేదు. పేపరు చదివినట్టున్నాడు. ఎవరూ జరగలేదు, ఆత్మకూరు దాకా నిలబడే వచ్చాను.

ముందు సీట్లో ఇద్దరు డిగ్రీ పిల్లలు మాట్లాడుకుంటున్నారు, డిసెంబర్‌లో నోటిఫికేషన్ వస్తుందని. వంగి తేదీ అడిగాను.